అమ్మినవాడి కాంటా

రేపు పొద్దున డ్రైవరు భీమప్ప తడిబట్టలతో ఆంజనేయుడి ముందు ప్రమాణం చేస్తాడన్న కబురు శుక్రవారం కాఫీల వేళకే ఇంట్లోకి వచ్చిపడింది. తెచ్చింది పాలు పోసే కమలాక్షి. ఆమె ఇంకా క్యాను కింద పెట్టకముందే సౌభాగ్యలక్ష్మి వంటింటి గడప మీద కూలబడిపోయింది.

తప్పు చేయనివాడు తడిబట్టలతో కర్పూరం ముట్టించి ప్రమాణం చేస్తే, ఆ ఉసురు నింద వేసిన ఇంటికి తగులుతుందని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, ధాన్యం మార్కెట్ అయిన గంజ్‌లో సగం మందిది. నింద వేసినవాడు ఎదురుగా వచ్చి నిలబడాలి. రాకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. నింద వేసింది ఆమె భర్త జయరామయ్య. ఈ ఇంట్లోనేమో కోడలు స్ఫూర్తి నెలలు నిండుతున్న మనిషి.

"మీరు పోయి ఆపుండ్రి. వాన్ని పిలిచి తాళంచెవి చేతుల పెట్టుండ్రి. డీజిల్ పోతే పోయింది. నా ఇంటికి గిట్ల ఉసురు తగిలితె నేను తట్టుకోలేను."

జయరామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు పెట్టుకుంటూనే ఉన్నాడు. పెళ్లాం మాటకు జవాబు చెప్పకపోవడం ఆయనకు ఇవాళ కొత్త కాదు.

"దొంగ ప్రమాణానికి భయపడాలె గని, దొర భయపడుడేంది?" అన్నాడు చివరికి.

కారు తాళంచెవి దేవుడి గూట్లో పడి ఉంది. గొడవ జరిగిన రోజు దుకాణం నుంచి తెచ్చి పడేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

గొడవంతా ఆ కారు తెర మీద కనిపించే ఒక అంకె గురించే. లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇస్తున్నానని కారు చెబుతోంది. బంకులో పోయించిన డీజిల్‌నూ, తిరిగిన దూరాన్నీ భాగిస్తే పదిహేడు దాటడం లేదు. మిగతా డీజిల్ ఎటు పోతున్నట్టు? ఆ ప్రశ్న వేసింది కొడుకు అర్జున్. జవాబు కోసం వెతకాల్సిన పని తండ్రికి కనబడలేదు. బండి భీమప్ప చేతుల్లో ఉంటుంది కదా.

రైతుల సరుకు కమీషన్‌కు అమ్మే పప్పుల అడితి దుకాణంలో పుట్టి పెరిగిన మనిషి జయరామయ్య. కంప్యూటర్ కాంటా వచ్చాక కూడా రోజూ పొద్దున దుకాణం తెరవగానే తాత కాలంనాటి ఇనుప తూకంరాయిని దాని మీద పెట్టి, సరిగ్గా చూపించిందాకా ఒక్క బస్తా కూడా ఎక్కనివ్వడు. కాంటా అబద్ధం ఆడదు, మనిషి ఆడతాడు అన్నది ఆయన వేదం. కారు తెర ఆయన కంటికి మరో కాంటాలాగే కనబడింది. దాంతో మంగళవారం నాడు, హమాలీలు, సాటి వ్యాపారులు, వేలానికి వచ్చిన రైతులు అందరూ చూస్తుండగా భీమప్పను పిలిచి, డీజిల్ ఎక్కడ అమ్ముతున్నావని అడిగేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట సాయంత్రానికి ఇడపనూరులో భీమప్ప ఇంటి ముందు తిరుగుతోంది.

అర్జున్ నిక్కర్లు వేసుకునే రోజుల నుంచి ఆ ఇంటి బండి నడిపినవాడు భీమప్ప. ఆ రోజు నోరు పెంచలేదు, కాళ్ల మీద పడలేదు. "చిన్న సావకారునే అడగండ్రి," అన్నాడు. చిన్న సావకారంటే అర్జున్. తాళంచెవిని కాంటా పళ్లెం మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాటను అందరూ పొగరు కిందే లెక్కేశారు. కాదని తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరున్నారు.

*

స్ఫూర్తి గది తలుపు దగ్గరికి వేసింది. అర్జున్ అద్దం ముందు నిలబడి, దువ్విన తలనే మళ్లీ దువ్వుతున్నాడు.

"మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"ఏం చెప్పాలె?"

"నాకు మరుపు రాలేదండి. మీకూ రాలేదు."

పోయిన నెల కారును సర్వీసింగుకు ఇచ్చిన రోజు ఆమె వెనక సీట్లోనే కూర్చుని ఉంది. డాక్టరు దగ్గరికి పోయి వస్తూ దారిలో ఆగారు. తెర మీద ఇరవై చూపిస్తోంది, బంకు లెక్క కలవడం లేదని అర్జున్ అడిగితే, అక్కడి మనిషి నవ్వేశాడు. తెర ఎప్పుడూ రెండు మూడు ఎక్కువే చూపిస్తుందనీ, నిజం తెలియాలంటే నిండా పోయించి, తిరిగి వచ్చి మళ్లీ నిండా పోయించి చూసుకోవాలనీ చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు భీమప్ప బానెట్ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. అంటే మంగళవారం గంజ్‌లో భీమప్ప అన్నది పొగరు మాట కాదు. సాక్ష్యం అడిగాడు. ఆ సాక్షి దుకాణం లోపల గల్లా దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

"నాయిన వాన్ని గంజ్ల నిలబెట్టి అడుగుతడని నేను అనుకున్ననా?" అన్నాడు అర్జున్. "ఊకె చెవుల వేసిన. బండి నా చేతికిస్తడనుకున్న."

"బండి కోసమా ఇదంతా?"

అతను దువ్వెన కింద పెట్టాడు. చెప్పకూడదనుకున్న మాటే ముందు బయటికి వచ్చింది. రైతులకు పైసలు పంపాలంటే భీమప్ప, మానవి ఊళ్లో సరుకు చూసి రావాలంటే భీమప్ప, తాను కాలేజీ చదివి దుకాణంలో కూర్చుంటే నాన్న తనచేత రాయించేది చీటీలు. ఫలానా ఊళ్లో కంది ఎట్లా ఉందని కొడుకును కాదు, డ్రైవరును అడుగుతాడు నాన్న. అది అతని కడుపులో ఎన్నేళ్లుగానో మండుతోంది. మంట ఉన్నమాట నిజమే, దాన్ని చల్లార్చుకున్న తీరే పాపిష్టిది.

స్ఫూర్తికి జాలి వేసింది, కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. తన నోటితో మామగారికి చెప్పేస్తే భీమప్ప బయటపడతాడు. కానీ ఆ తర్వాత ఆ తండ్రి ఈ కొడుకు ముఖం మళ్లీ చూడడు. ఆ భయం ఒక్కటే మంగళవారం నుంచి ఆమె నోరు కట్టేసింది.

"మామయ్య దుకాణానికి పోయేలోపల మీరే చెప్పుండ్రి," అంది. "అడిగి చెప్పించుకున్న మాటకు, మీరే చెప్పిన మాటకు శాన ఫరక్ ఉంటది."

*

అర్జున్ చెప్పలేదు. దాంతో ఆమే ఇంకో దారి వెతికింది. మామగారు చెప్పులు వేసుకుంటుంటే చావడిలోకి వచ్చి నిలబడింది.

"మామయ్యా, ఒక్క మాట. మీరు రోజూ పొద్దున కాంటా మీద తూకంరాయి పెట్టి చూస్తరు గద?"

"చూస్త."

"ఈ కారు కాంటా మీద ఏ రాయి పెట్టి చూసిన్రు?"

జయరామయ్య ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన. ఆ మాట భార్య అని ఉంటే గడప దాటి వెళ్లిపోయేవాడే. కొడుకు అని ఉంటే కసిరేవాడు. కానీ అడిగింది గద్వాలలో బట్టల వ్యాపారి కూతురు. అడిగింది కూడా తూకం భాషలోనే. వ్యాపారి మెదడు ఆ ప్రశ్నను పక్కన పెట్టలేకపోయింది.

ఆమె ఉపాయం తేలికైనదే. భీమప్ప లేడు కాబట్టి అర్జునే నడపాలి. టాంకు నిండా పోయించుకుని దూరం పోయి రావాలి. వచ్చి అదే బంకులో మళ్లీ నింపితే, పట్టినంత డీజిలే కారు తాగిన డీజిలు. దారిలో మూత ఎవరూ తీయకుండా మామగారే కూర్చుని కాపలా కాస్తారు. అదైనా ఇదైనా రేపు పొద్దుటికి తేలిపోతుంది.

"ఎండల అంత దూరం ఎందుకు? ఇవన్ని పిచ్చి పనులు," అన్నాడు అర్జున్, కొంచెం తొందరగానే.

"ఎందుకురా పిచ్చి పని?" అన్నాడు తండ్రి. "నీ హిసాబే గద. నిజం ఖరాగ తేలుతది." గూట్లోంచి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

కోరుకున్న తాళంచెవి చేతికి వచ్చింది. అర్జున్‌కు అది పట్టుకోవాలనిపించలేదు.

బంకులో జయరామయ్య చేసిన హడావుడి చూసి పోసేవాళ్లు కూడా నవ్వుకున్నారు. నేల వాలుగా ఉంటే కాంటా తప్పు చూపిస్తుంది కాబట్టి, చదునుగా ఉన్నచోట బండి నిలబెట్టించాడు. చక్రం ఆగినచోట సుద్దముక్కతో గీత గీయించాడు. పైపు టక్కున ఆగాక కూడా ఒప్పుకోక, నురుగు అణిగేదాకా ఆగి, డీజిల్ గొంతు దగ్గర కంటికి కనిపించేదాకా పోయించాడు. అప్పుడు మూత వేసి దాని మీద అంటుకాగితం అతికించాడు. సంతకం ఒక్కటే తక్కువ.

మల్లట్ ఊరికి పోయే దారిలో తండ్రీ కొడుకులు మాట్లాడుకున్నది లేదు. జయరామయ్య తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. దాని మీది అంకె మెల్లగా ఎక్కి ఇరవై దగ్గర నిలబడింది. తిరుగు ప్రయాణంలోనూ అక్కడే ఉంది. ఆయనకు ఎక్కడో లోపల ధైర్యం వచ్చింది. అర్జున్ చొక్కా మాత్రం ఏసీలో కూడా చెమటకు తడిసింది.

మల్లట్‌లో కాలవ కింద వరి వేసే శేషయ్య మంచినీళ్లు ఇస్తూ కారు వైపు తొంగి చూశాడు. ఆయన తండ్రి కాలంలోనే కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం.

"భీమప్ప రాలేదేంటండీ? పోయిన పంటకి కల్లంలో వాన పడుతుంటే ఈ కారులో టార్పాలిన్ పట్టా తీసుకొచ్చి మా ధాన్యం కప్పింది ఆయనేనండీ. మనిషంటే అలా ఉండాలి."

పని మీద ఉన్నాడని జయరామయ్య అన్నాడు. ఆ అబద్ధం ఆయన నోట్లో చేదుగా తగిలింది. నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు.

*

బంకుకు వచ్చాక సుద్ద గీత మీదే చక్రం ఆపించాడు. అంటుకాగితం చెక్కు చెదరలేదు. అదే పైపు, అదే గొంతు దాకా. తిరిగిన దూరాన్ని పట్టిన డీజిల్‌తో భాగించడానికి ఆయనకు ఫోను అక్కర్లేదు. పెదవులు కదిలాయి, ఆగాయి. మళ్లీ మొదటి నుంచి కదిలాయి.

పదిహేడు.

నడిపింది తన కొడుకు. కాపలా కాసింది తాను. మూత తీసినవాడు లేడు. భీమప్ప చేతిలో పదిహేడు ఇచ్చిన బండి అర్జున్ చేతిలోనూ పదిహేడే ఇచ్చింది. తెర మాత్రం సిగ్గు లేకుండా ఇరవై అని వెలుగుతోంది.

జయరామయ్య కారెక్కలేదు. బంకు గట్టు మీద, నూనె మరకల్లో, తెల్లపంచెతో అలాగే కూర్చుండిపోయాడు. అర్జున్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ తెర ఎవరు పెట్టిన్రురా?"

"కంపెనీ వాళ్లే నాయినా."

"అంటే అమ్మినోడే పెట్టిండు." అన్నాడు జయరామయ్య. "అమ్మెటోని కాంటా మీద తూచి సరుకు తెచ్చుకున్నోన్ని గంజ్ల పిచ్చోడంటరు. నేను మందిని అన్న. నా ఉమరంత దీన్నే చెప్పుకుంట బతికి, వాని కాంటా నమ్మి ఇంటి మనిషిని దొంగన్న."

అర్జున్ నోరు తెరిచాడు. ఆ క్షణంలో చెప్పేస్తే సరిపోయేది. తండ్రి తనను తాను తిట్టుకుంటున్న ఆ వేళలో కొడుకు పాపం సగం పాపమే అయ్యేది. కానీ అతను బయట పెట్టిన మాట వేరు. ఫోన్ చేసి పనిలోకి రమ్మందాం, ప్రమాణం గిమాణం లేకుండా ఇంటిమాటగానే ముగిద్దాం అన్నాడు.

ఇంటికి రాగానే జయరామయ్య తానే ఫోన్ చేశాడు. ఎత్తింది భీమప్ప భార్య చెన్నవ్వ. ఆయన ఉపవాసం ఉన్నాడనీ, రేపు గుడి దాకా ఎవరితోనూ మాట్లాడడనీ చెప్పింది. తప్పు తమదేనని తేలిందని జయరామయ్య చెప్పాడు.

"నాకు చెప్తె ఏమొస్తది సావకారు? మా పిల్లలను డీజిల్ దొంగ పిల్లలని పిలుస్తున్నరు. వాళ్లకు చెప్పుండ్రి," అంది. ఆ తర్వాత ఫోన్ పెట్టేసింది.

అన్నాల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. సౌభాగ్యలక్ష్మి కోడలి కడుపు వైపు చూడటం, కళ్లు తుడుచుకోవడం. జయరామయ్య మజ్జిగ కూడా వద్దన్నాడు. కంచంలో చేయి కడగబోతూ ఆగి, కొడుకును తలెత్తకుండానే అడిగాడు.

"మొన్న వాడు నిన్నే అడగమన్నడు. ఎందుకన్నడురా? నీకు ముందుగాల తెల్వదు గద?"

గరిటె పట్టుకున్న స్ఫూర్తి చేయి గిన్నెలోనే ఆగింది.

"తెల్వదు నాయినా," అన్నాడు అర్జున్.

జయరామయ్య తలూపాడు. కొడుకు మాటను ఆయన తూచి చూడలేదు. స్ఫూర్తి గిన్నె మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

*

శనివారం పొద్దున గంజ్ పక్కన ఆంజనేయుడి గుడి ముందు జనం పోగయ్యారు. వేలం ఇంకా మొదలు కాలేదు. హమాలీలు మంగళవారం విన్న మాటకు ముగింపు చూద్దామని బస్తాలు వదిలి వచ్చారు. సౌభాగ్యలక్ష్మి వద్దని బతిమాలినా స్ఫూర్తి వచ్చింది. అత్తగారి చేయి పట్టుకుని గోడ నీడన నిలబడింది.

కుళాయి దగ్గర ఒక బకెట్ నిండుగా ఉంది. భీమప్ప చొక్కా విప్పి చెన్నవ్వకు ఇచ్చాడు. ఉపవాసంతో ముఖం పీక్కుపోయింది. అతను చెంబు అందుకోబోయే లోపల జనం పక్కకు జరిగారు.

జయరామయ్య వచ్చాడు. నింద వేసినవాడిగా ఎదుట నిలబడటానికి వస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన తిన్నగా బకెట్ దగ్గరికి వెళ్లి, చెంబు భీమప్ప చేతికి అందనివ్వకుండా తీసుకుని, తన నెత్తి మీద పోసుకున్నాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ పోసుకున్నాడు. గంజ్‌లో ఏనాడూ మడత నలగని పంచె కాళ్లకు అంటుకుపోయింది.

"ప్రమాణం నేను చేస్త," అన్నాడు.

సౌభాగ్యలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూజారి పళ్లెంలో కర్పూరం ముట్టించాడు. నీళ్లు కారుతున్న చేయి ఆ మంట మీద చాపి జయరామయ్య చెప్పాడు. భీమప్ప తన బండిలో చుక్క డీజిల్ తీయలేదు. తీశాడని తాను ఇదే గంజ్‌లో అన్నది అబద్ధం. తాను నమ్మినది అమ్మినవాడు పెట్టిన కాంటాను, సొంత తూకం వేసి చూసుకోలేదు. ఇంట్లో ఈ తప్పు తనది, ఎవరూ చెప్పించింది కాదు. ఉసురు తగిలితే తనకే తగలాలి, తన ఇంటికి కాదు.

ఒక ముసలి హమాలీ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన బొడ్లోంచి తాళంచెవి తీసి భీమప్ప ముందు పట్టుకున్నాడు. చెన్నవ్వ ఏడుస్తోంది. భీమప్ప కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. సావకారు భుజం మీద తన చొక్కా కప్పాడు. తాళంచెవి మాత్రం అందుకోలేదు.

"మీ మీద నాకు కోపం లేదు సావకారు. మీకు తెల్వక అన్నరు."

అంటూ అతను జయరామయ్య భుజం మీదుగా వెనక్కి చూశాడు. అక్కడ, కారు తలుపుకు ఆనుకుని, ఇస్త్రీ చొక్కాతో అర్జున్ నిలబడి ఉన్నాడు.

"చిన్న సావకారు బట్టలు మాత్రం పొడిగనే ఉన్నయి."

జయరామయ్య ముందు ఆ మాటను అందుకోలేకపోయాడు. తర్వాత నెమ్మదిగా తిరిగి కొడుకు ముఖం చూశాడు. ముందురోజు అన్నాల దగ్గర చూడనిది అప్పుడు చూశాడు. తాళంచెవి పట్టుకున్న చేయి కిందికి జారింది.

స్ఫూర్తి అత్తగారి చేయి వదిలించుకుంది. ఒక చేత్తో కడుపు పట్టుకుని మెల్లగా నడిచి బకెట్ దగ్గరికి వచ్చింది. కింద పడి ఉన్న చెంబు తీసి, మిగిలిన నీళ్లలో వేసింది. భర్త వంక చూడకుండా, అతను రావడానికి దారి వదిలి, పక్కకు జరిగి నిలబడింది.